పడిందా పాపా?

2025 ఆగస్టు 2, శనివారం. మధ్యాహ్నం మా నాయన ఫోన్ చేసినాడు. హలో లేదు, అన్నం తింటివా లేదు. "పడిందా పాపా?" అన్నాడు.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని, బైరాగిపట్టెడలో ఉంటాను. నాయనా అమ్మా మాత్రం ఊళ్ళోనే, చిత్తూరు జిల్లా బంగారుపాళెం పక్కన. మూడెకరాల తోతాపురి తోట, రెండు ఆవులు. నాయన బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సు, ఆధార్ జిరాక్సు, పట్టాదారు పుస్తకం ఫొటో అన్నీ నా ఫోన్లోనే ఉంటాయి. అందుకే ఎవరి డబ్బు ఎక్కడ పడినా అడిగేది నన్నే.

మా చిన్నప్పుడు డబ్బులు "వచ్చేవి", "ఇచ్చేవాళ్ళు", "అందేవి". ఇప్పుడు పడతాయి. వాన పడినట్టే. ఎప్పుడు పడుతుందో తెలియదు. పక్క చేన్లో పడి మన గట్టు దగ్గర ఎందుకు ఆగిపోయిందో ఎవరూ చెప్పరు.

ఆ రోజు ప్రకాశం జిల్లా దర్శి దగ్గర ముఖ్యమంత్రి రైతులకి పెట్టుబడి సాయమిచ్చే అన్నదాత సుఖీభవ పథకం మొదలుపెట్టినారు. రాష్ట్రం వాటా 5,000, పీఎం కిసాన్ కింద కేంద్రం వాటా 2,000. మొత్తం ఏడు వేలు. సాయంత్రంలోపల మా వీధిలో ఒక్కొక్కరి ఫోనే మోగుతూ వచ్చిందంట. మా ఇంట్లో మోగలేదు.

ఏడు వేలేగా అనిపించొచ్చు. ఆ ఏడాది మామిడి ఎట్లా పోయిందో తెలిస్తే అనరు. తోతాపురి కొనేవాడు లేడు. గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరినాయి. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం ఇంకో 4 కలుపుతుంది అన్నారు. నాయన టోకెన్ తీసుకుని ఒక ఫ్యాక్టరీ ముందర మూడు రాత్రులు ట్రాక్టర్ కిందనే పడుకున్నాడు. తూకం చీటీ చేతికొచ్చింది. డబ్బు రాలేదు. "అకౌంట్లో వేస్తాం" అన్నారు. కోత కూలి, ట్రాక్టర్ బాడిగ మాత్రం ఆ రోజుకారోజు చేతిలో పెట్టాల్సిందే. అమ్మ కమ్మలు కుదువ పెట్టి అవి కట్టినారు. ఏడు వేలు వస్తే ముందు కమ్మలు విడిపించాలి. లెక్క అది.

సోమవారం నాయన రైతు సేవా కేంద్రానికి పోయినాడు. అక్కడి అబ్బాయి మంచోడు. కంప్యూటర్లో చూసి, "మామా, నీకు పడినాయి. సక్సెస్ అని చూపిస్తా ఉంది. పోయి బ్యాంకులో అడుగు" అన్నాడు. బ్యాంకులో పాసుపుస్తకం యంత్రంలో పెట్టి తీస్తే కొత్త గీత ఒక్కటీ లేదు. కౌంటర్లో ఆమె "మీ ఆధార్ మా దగ్గర మ్యాపింగ్ లేదు" అని పుస్తకం వెనక్కి తోసిందంట. నాయన మళ్ళీ సేవా కేంద్రానికి. వాళ్ళు మళ్ళీ బ్యాంకుకు. మంగళవారం కూడా ఇదే తిరుగుడు. ఊరి నుంచి బంగారుపాళెం ఆటో చార్జీ, మధ్యలో ఒక టీ. ఏడు వేలు రాకముందే ఖర్చు మొదలైంది.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, గమనించండి. సేవా కేంద్రం అబ్బాయి చెప్పింది నిజం. బ్యాంకులో ఆమె చెప్పింది కూడా నిజం. రెండు నిజాల నడుమ మా నాయన చెప్పులు అరిగినాయి.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతమని ఊరికి పోయినా. మర్నాడు రెండో శనివారం, బ్యాంకు సెలవు. సరే, ఫోన్లోనే చూద్దామని కూర్చున్నా. ఆధార్ ఏ బ్యాంకుతో కలిసి ఉందో మైఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఒకచోట చూపిస్తుంది. దానికి ఓటీపీ కావాలి. ఓటీపీ ఆధార్‌కి ఇచ్చిన నంబరుకి పోతుంది. ఆ నంబరు నాయన పాత సిమ్ది. తోట దగ్గర సిగ్నల్ రావడం లేదని మే నెలలో ఆ సిమ్ పారేసి కొత్తది తీసుకున్నాడు. బ్యాంకు వాళ్ళ దగ్గర ఉన్నదీ ఆ పాత నంబరే. సిమ్ మారిస్తే మనిషే మారిపోయినట్టు లెక్క.

సోమవారం సెలవు పెట్టి నాయన్ని చిత్తూరుకి తీసుకుపోయినా, ఆధార్‌లో నంబరు మార్పించడానికి. అప్పుడు ఫీజు 50 రూపాయలు. వేలు పెట్టమన్నారు. పెట్టినాడు. ఎర్ర లైటు. ఇంకో వేలు. ఎర్ర లైటు. పది వేళ్ళూ అయిపోయినాయి.

మామిడి రైతు ఇంట్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాయ తెంచినప్పుడు తొడిమ దగ్గర నుంచి సొన కారుతుంది. అది పడితే చర్మం కాలినట్టు నల్లబడి, తర్వాత పొరలు పొరలుగా ఊడుతుంది. జూన్, జూలై రెండు నెలలు కోత కోసిన చేతులు ఆగస్టులో పాము కుబుసం విడిచినట్టు ఉంటాయి. ప్రభుత్వం డబ్బులేసేది ఆగస్టులో. రైతు వేలిముద్ర పోయేది కూడా ఆగస్టులోనే. ఈ రెండిటి ముహూర్తం ఎవరు కలిపినారో గానీ బాగా కుదిరింది.

జూన్‌లో ఈ-కేవైసీ చేసేటప్పుడు కూడా వేళ్ళు పడలేదంట. సేవా కేంద్రం అబ్బాయి పీఎం కిసాన్ యాప్‌లో మొహం చూపించి అయిందనిపించినాడు. ఇక్కడ ఆపరేటరు కళ్ళ యంత్రం తీసినాడు. నాయన దాన్ని కళ్ళకి ఆనించుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అయింది. బయటికొచ్చినాక "వేలు చూసినారు, మొహం చూసినారు, కన్ను చూసినారు. ఇంకేం చూస్తారో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మండీ ఆయన గురించి మాట్లాడినాడు. మా ఊరి రైతులందరికీ ఒకప్పుడు మండీ ఆయనే బ్యాంకు. పూత దశలోనే మందులకి డబ్బిచ్చేవాడు. కాయలన్నీ ఆయన మండీకే తోలాలి. కమీషన్, వడ్డీ, హమాలీ, సూట్ పేరుతో తూకంలో తరుగు అన్నీ పట్టుకుని మిగిలింది ఇస్తాడు. అదీ ఒకసారికి ఇవ్వడు. "రేపు రా" అంటాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాయనతో పోయి ఆ మండీ అరుగు మీద పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కూర్చున్న రోజు ఇంకా గుర్తుంది. స్కూలు ఫీజుకి డబ్బులు కావాలి. ఆయన లోపల పేకాట ఆడుతున్నాడు. నాయన ఒక్కమాట కూడా గట్టిగా అనలేదు. తన డబ్బులే తను అడుక్కుంటున్నాడు.

అందుకే అకౌంట్లో డబ్బులేయడం చెడ్డదని నా నోటితో ఎప్పుడూ రాదు. 2014లో జన్‌ధన్ కింద ఖాతా తెరిచినప్పుడు మా ఇంట్లో పండగే. 2019 నుంచి పీఎం కిసాన్ రెండేసి వేలు ఏడాదికి మూడుసార్లు ఎవర్నీ దేబిరించకుండా వచ్చేవి. అరుగు మీద కూర్చునే పని లేదు. ఆ మాటే నాయనతో అన్నా. "అవును" అన్నాడు. కాసేపాగి, "అరుగు మీద కూర్చుంటే ఆయన లోపల ఉండాడని తెలిసేది పాపా. ఇప్పుడు లోపల ఎవురుండారో తెలీదు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అమ్మ సంగతి వేరు. మా ఊళ్ళో పాలు పోసేది తిరుపతిలోని శ్రీజ మహిళా పాల సంస్థకి. 2014లో మొదలైంది, సభ్యులందరూ ఆడవాళ్ళే. పొద్దునా సాయంత్రం పాలు పోస్తే కొలతా వెన్న శాతం చీటీలో వస్తాయి, బిల్లు డబ్బులు నేరుగా అమ్మ ఖాతాలో. పాల డబ్బుల మీద మా ఇంట్లో ఎప్పుడూ గొడవ రాలేదు. ఎందుకని ఆలోచిస్తే నాకు తోచింది ఇది: పాలు పోసేది అమ్మే, చీటీ తీసుకునేది అమ్మే, తేడా వస్తే అడిగేది రోజూ కనపడే మనిషినే. ఏ రోజు ఎంత పోసిందో అమ్మకి తెలుసు కాబట్టి ఎంత పడాలో కూడా తెలుసు. ఒకసారి నూటపది రూపాయలు తక్కువ పడితే మర్నాడు పొద్దున్నే పాల కేంద్రం ముందర నిలబడింది. నాయనకి పడే డబ్బు అట్లా కాదు. ఎప్పుడు, ఎంత, ఎందుకు ఆగింది, దేన్నీ అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు.

ఈ లోపల ఊళ్ళో ఇంకో కథ నడిచింది. డబ్బు పడనివాళ్ళు మేమొక్కరమే కాదు. ఆ టెన్షన్‌లో ఉండగా ఊరి వాట్సాప్ గ్రూపులో పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైలు వచ్చింది. స్టేటస్ చూసుకోండి అని రాసి ఉంది. అది యాప్ ఫైలు. మా చిన్నాయన కొడుకు నొక్కినాడు. బీటెక్ చదివినోడు! నొక్కగానే ఫోన్ కాసేపు పని చేయలేదంట. అరగంటలో 18 వేలు పోయినాయి. మెసేజీలన్నీ ఆ యాప్ తన చేతిలోకి తీసుకుంటుంది, ఓటీపీతో సహా. వాడు నాకు ఫోన్ చేస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయమన్నా. గంటలోపలే చేసినాడు కాబట్టి కొంత ఆపగలిగినారు. ఆ గ్రూపులో అది పంపిన మనిషి కావాలని పంపలేదు, ఆయన ఫోన్‌లోంచి దానంతటదే పోయింది. చదువు రానివాళ్ళే మోసపోతారని నేను అనుకునేదాన్ని. అట్లా ఏం లేదు. డబ్బు కోసం ఎదురుచూసేవాళ్ళు మోసపోతారు.

పదిరోజులకి ఆధార్‌లో నంబరు మారినట్టు తెలిసింది. తిరుపతి నుంచే సైట్ తెరిచి నాయనకి ఫోన్ చేసినా.

"నాయనా, ఇప్పుడు నీ ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది. అందులో ఆరంకెలు ఉంటాయి. చెప్పు."

అటు నుంచి చప్పుడు లేదు.

"నాయనా?"

"ఓటీపీనా?"

"ఆఁ."

"ఎవురు అడిగినా చెప్పొద్దంటివి కదా?"

"నేనే కదా నాయనా అడిగేది."

"నువ్వేనా?"

"నేనే!"

"గొంతు కూడా మారుస్తారంట. నువ్వే చెప్తివి."

చివరికి మా ఇంట్లో ఇప్పుడు ఈనిన ఆవు పేరు అడిగినాడు. చెప్పినాక అంకెలు చెప్పినాడు. అప్పుడు విసుగు పుట్టింది గానీ, తర్వాత తలుచుకుంటే గర్వంగా ఉంది. బీటెక్ చదివినోడికి లేని జాగ్రత్త.

స్క్రీన్ మీద బ్యాంకు పేరు వచ్చింది. మా బ్యాంకు కాదు. ఫోన్ సిమ్‌లు అమ్మేవాళ్ళ దగ్గర తెరిచే రకం పేమెంట్స్ బ్యాంకు. సీడింగ్ తేదీ మే నెల. నాయన కొత్త సిమ్ తీసుకున్న నెల.

నాకు ఒళ్ళు మండింది. సంతలో గొడుగు కింద ట్యాబ్ పెట్టుకుని సిమ్‌లు అమ్మేవాడు, ముసలాయన చేత రెండుసార్లు వేలు పెట్టించుకుని, సిమ్‌తో పాటు ఖాతా కూడా తెరిచేసినాడు. అట్లా జరగడం పేపర్లలో చదివినా. ఒక మనిషికి పది ఖాతాలు ఉండొచ్చు గానీ, ఆధార్ మీద వచ్చే ప్రభుత్వం డబ్బు ఒక్క బ్యాంకుకే పోతుంది. ఎవరు ఆఖరున ఒప్పుకోలు తీసుకుంటే వాళ్ళకే. అదే మ్యాపింగ్ అంటే. బ్యాంకులో ఆమె చెప్పిన మాట అది.

"నాయనా, నిన్ను మోసం చేసినారు. నీకు తెలియకుండా ఖాతా తెరిచినారు" అని బ్యాంకు పేరు చెప్పినా.

"సిగ్నల్ లేదు పాపా" అని పెట్టేసినాడు. తోట దగ్గర సిగ్నల్ కోసమే కదా కొత్త సిమ్ తీసుకున్నది!

ఆగస్టు 27 వినాయక చవితికి మళ్ళీ ఊరికి పోయినా. పూజ అయింది, ఉండ్రాళ్ళు తిన్నాం. రాత్రి తిన్నె మీద కూర్చున్నప్పుడు, అమ్మ లోపల గిన్నెలు కడుగుతుంటే, నాయన తనే మొదలుపెట్టినాడు.

"మోసం కాదు పాపా. నేనే వేయించుకున్నా."

"ఏమి?"

"ఆ కాతా. నేనే అడిగి వేయించుకున్నా."

తర్వాత మెల్లగా చెప్పినాడు. ముందేడు పంట లోను రెన్యువల్ చేయడం ఆలస్యమైంది. 3 లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోపల కడితే 3 శాతం తగ్గి 4 పడుతుంది. గడువు దాటితే ఆ తగ్గింపు పోతుంది, ఖాతా కూడా బాకీ ఖాతా అవుతుంది. ఆ సమయంలో పడిన పీఎం కిసాన్ రెండు వేలు తీసుకుందామని పోతే, అప్పు కింద పట్టుకున్నాం అన్నారంట బ్యాంకులో. అట్లా పట్టుకోకూడదని ప్రభుత్వాలు చెప్తూనే ఉంటాయి. ఆ కౌంటర్ ముందర ఆ మాట చెప్పేవాళ్ళెవరు? నాయన ఇంటికొచ్చి మాతో "ఈసారి పడలేదు" అన్నాడు. నేను నమ్మినా.

మేలో సిమ్ అబ్బాయి "తాతా, ఇందులో ఖాతా కూడా ఉంది, గవర్నమెంట్ డబ్బు దీంట్లోకే మళ్ళించుకోవచ్చు, మీ బ్యాంకోళ్ళు ముట్టుకోలేరు" అన్నాడంట. నాయన రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుని వేలు పెట్టినాడు. మే నెల కాబట్టి వేళ్ళు బాగున్నాయి. ముద్ర ఒక్కసారికే పడింది.

"మరి డబ్బు అందులోనే పడి ఉంటుందని నీకు తెలుసు కదా?"

"తెలుసు. తీసుకునేది ఎట్ల అని తెలీదు. పుస్తకం లేదు, ఆపీసు లేదు. మళ్ళీ సంతకు పోతే ఆ పిలగాడు లేడు. గొడుగు లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"తిడతావని."

ఆ నెలంతా సేవా కేంద్రానికీ బ్యాంకుకూ ఎందుకు తిరిగినాడో, "పడిందా పాపా" అని నన్ను ఎందుకు అడిగినాడో అప్పుడు అర్థమైంది. పాత ఖాతాలో పడి ఉంటే బాగుండు, చెప్పుకోవాల్సిన పని లేకుండా పోతుందని. నేనేమో ఆయనకి ఏమీ తెలియదని, ఎవరో వేలు పట్టుకుని పెట్టించినారని అనుకున్నా. ఆయనకి ఒక లెక్క ఉంది. బ్యాంకు మీద భయం ఉంది, దానికి ఒక ఉపాయం వెతికినాడు. నేను తెరిచిన సైట్లో, నేను చెప్పిన జాగ్రత్తల్లో ఆ భయానికి ఎక్కడా చోటు లేదు.

ఆయన ఫోన్ తీసుకుని మెసేజీలు చూసినా. బటన్ల ఫోన్. రీఛార్జ్ ఆఫర్లు, కాలర్ ట్యూన్లు, రెండొందల దాకా చదవని మెసేజీలు. కిందికి పోతూ ఉంటే ఆగస్టు 2 దగ్గర రెండు ఉన్నాయి, ఇంగ్లీషులో. ఒకటి ఐదు వేలు. ఒకటి రెండు వేలు. ఇరవై ఐదు రోజులుగా ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి.

అమ్మ కమ్మల వడ్డీ ఇరవై ఐదు రోజులది ఇంకా ఎక్కుతూనే ఉంది.

నా ఫోన్‌లో ఆ బ్యాంకు యాప్ వేసి, ఓటీపీ కొట్టి, నా ఖాతాకి పంపుకుని, చేతికి డబ్బులిచ్చేస్తా అన్నా. పది నిమిషాల పని. నాయన ఒప్పుకోలేదు. "నా డబ్బు నేనే తీసుకుంటా" అన్నాడు. అమ్మ కూడా తిట్టింది, కమ్మల వడ్డీ ఎవరు కడతారని. అయినా వినలేదు.

మర్నాడు బంగారుపాళెంలో ఆధార్‌తో డబ్బులిచ్చే అంగడికి పోయినాం. చిన్న యంత్రం, దాని మీద వేలు పెట్టాలి. పడలేదు. అంగడాయన తడిగుడ్డతో తుడవమన్నాడు. తల వెంట్రుకలకి రుద్దమన్నాడు. ఇంకో యంత్రం తెచ్చినాడు. ఐదోసారికి కూడా ఎర్ర లైటే. వెనక క్యూలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. నాయన చేతులు వెనక్కి కట్టుకుని బయటికొచ్చేసినాడు. ఏదో తప్పు చేసినవాడిలాగా. యాభై ఏళ్ళు తోట పని చేసిన చేతులు, వాటిని దాచుకుంటూ నడిచినాడు. ఇది నేను మరిచిపోలేను.

అమ్మ రోజూ రాత్రి కొబ్బరినూనె రాసింది. కలుపు తీసేటప్పుడు పాత గుడ్డ చుట్టుకోమంది. సెప్టెంబరు మధ్యలో ఒక రోజు నాయన ఒక్కడే పోయి, కుడిచేతి ఉంగరం వేలితో డబ్బు తీసినాడు. మూడు వేళ్ళు కాదన్నాక నాలుగోది పనిచేసిందంట. చేతికొచ్చింది ఏడు వేలు కాదు. ఖాతాతో పాటు ఏదో ప్రమాద బీమా కూడా అంటగట్టినారు, దాని కింద మూడొందల పైన పోయింది. అంగడాయన వెయ్యికి పది లెక్కన తీసుకున్నాడు. ఆధార్‌తో తీసుకుంటే ఖాతాదారు నుంచి అట్లా వసూలు చేయకూడదు కదా అంటే, "పోనీలే, మనిషి మంచోడు, నీళ్ళిచ్చినాడు" అన్నాడు నాయన. మండీ ఆయన్ని కూడా ఇట్లాగే వెనకేసుకొచ్చేవాడు. అలవాటు.

కమ్మలు ఇంటికొచ్చినాయి.

తర్వాత ప్రశ్న, ఆధార్‌ని ఇప్పుడు ఎక్కడికి మార్చాలి? పాత బ్యాంకు వద్దంటాడు. సిమ్ ఖాతా నేను వద్దంటాను. వారం రోజులు ఫోన్‌లో వాదించుకున్నాం. అమ్మ ఖాతా ఉన్న బ్యాంకులో తీసుకో అని నేను. అక్కడికి ఆటోకి నలభై రూపాయలని ఆయన. చివరికి ఆయనే తేల్చినాడు: పోస్టాఫీసు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు 2018లో వచ్చింది, పోస్ట్‌మ్యాన్ యంత్రం పట్టుకుని ఇంటికే వస్తాడు. మా పోస్ట్‌మ్యాన్ నాయనకి ఇరవై ఏళ్ళుగా తెలుసు. "తేడా వస్తే యాడికి పోతాడు? రేపు మళ్ళీ ఈ వీధికే రావల్ల" అన్నాడు. అమ్మ పాల చీటీ సంగతి నేను అంతగా ఆలోచించి కనిపెట్టింది ఆయన ఒక్క మాటలో చెప్పేసినాడు.

ఒప్పుకోలు కాగితం మీద ఏం రాసుందో పోస్టాఫీసులో అంతా చదివించుకున్నాడంట. నంబరు సరిగ్గా ఉందో లేదో మూడుసార్లు చూపించుకున్నాడంట. పంట లోను మాత్రం పాత బ్యాంకులోనే ఉంది. ఈసారి గడువుకి ముందే రెన్యువల్ చేసినాం, దానికి నా జీతంలోంచి కొంత పోయింది.

నవంబరు 19న రెండో విడత వేసినారు. మళ్ళీ ఐదూ రెండూ ఏడు. నేను క్లాసులో ఉన్నా. మధ్యాహ్నం భోజనం దగ్గర ఫోన్ చూస్తే నాయన దగ్గర నుంచి కాల్ లేదు. నాకే ఓపిక లేక చేసినా.

"పడిందా నాయనా?"

"నువ్వెందుకు అడుగుతావు?" అన్నాడు. "పడింది. పోస్టాయన రేపొస్తాడు."

మర్నాడు సాయంత్రం అమ్మ చెప్పింది. పోస్ట్‌మ్యాన్ తిన్నె మీద కూర్చుని యంత్రం తీసినాడంట. కోతలు లేని కాలం, సొన లేదు, వేలు మొదటిసారికే పడిందంట. నాయన నోట్లు మూడుసార్లు లెక్కపెట్టి, అందులో ఒక ఐదొందల నోటు అంచు చిరిగి ఉందని మార్పించుకున్నాడంట. టీ పెట్టమని అమ్మని కేకేసి, పోస్ట్‌మ్యాన్‌ని పోనివ్వకుండా అరగంట కూర్చోబెట్టి మామిడి పూత గురించి మాట్లాడినాడంట.